మా నాయన పేరు మీద పోయిన నా మూడు వేళ్లు

హిందూపురం సర్కారాసుపత్రిలో నా వయసు యాభై రెండు. మంచం తలాపున తగిలించిన కాగితంలో అట్లే ఉండేది. పైన మా నాయన పేరు, పక్కన యాభై రెండు, దాని కింద ఎడమచేతి మూడు వేళ్లు యంత్రంలో పడి పోయినవని. నాకు అప్పుడు నిజంగా పందొమ్మిది. మూడోరోజు పక్క మంచం ముసలాయన ఆ కాగితాన్ని కూడబలుక్కుని చదివి, నన్ను పావుగంట సేపు చూసి, "ఏం తింటావప్పా నువ్వు?" అన్నాడు.

"రాగిసంగటి" అన్నాను.

"మేమూ అదే కదప్పా తినేది" అని ఆయన అటు తిరిగి పడుకున్నాడు. పాపం, దిగులుపడినట్టున్నాడు.

ఇదెట్లయిందో చెప్పాలంటే బిళ్ల సంగతి చెప్పాలి. మా నాయన మా ఊర్లోని ఒక శనక్కాయల నూనె మిల్లులో ఇరవై రెండేళ్లుగా కూలి. ఆ మిల్లులో ప్రతి కూలికీ ఒక ఇత్తడి బిళ్ల, దాని మీద ఒక నంబరు. పొద్దున వచ్చి బోర్డు మీద తన మేకుకు తగిలించాలి, సాయంత్రం తీసుకొని ఇంటికి పోవాలి. గుమస్తా బోర్డు చూసి మస్టర్‌లో హాజరు రాసేవాడు. మనుషుల వైపు తలెత్తేవాడు కాదు. శనివారం కూలి కూడా బిళ్లకే. కాబట్టి బిళ్ల అనేది రేషన్ కార్డు లాగా ఇంటి ఆస్తి. ఆ రోజు ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగుంటే వాళ్లు తీసుకుపోతారు. మామకు జ్వరమొస్తే అల్లుడు, అన్న పెళ్లికి పోతే తమ్ముడు. మా వీధిలో ఒకాయన చనిపోయి రెండేళ్లయినా ఒక్కరోజు కూడా నాగా పెట్టకుండా డ్యూటీకి వస్తుండేవాడు.

మిల్లు లోపల పిలుపు కూడా బిళ్ల మీది పేరుతోనే. గేటు దాటితే ఎవరి పేరు వాళ్లది కాదు. కాయల పొట్టు దుమ్ము మా నాయన రొమ్ములోకి దిగి, ఆయన ఉబ్బసంతో పడుకున్న రోజుల్లో నేను పోయేవాణ్ణి. మొదట్లో వారానికి ఒక రోజు, తర్వాత వారానికి నాలుగు. పదో తరగతి రెండుసార్లు రాసి, రెండుసార్లూ లెక్కల్లో నిజాయితీగా తప్పినవాణ్ణి, నాకు వేరే పనేముంది? మిల్లులో నన్ను అందరూ మా నాయన పేరుతో పిలిచేవాళ్లు, నేను పలికేవాణ్ణి. నాకంటే ముప్పై ఏళ్లు పెద్దవాళ్లు నన్ను "ఏమన్నా" అనేవాళ్లు. ఆ మర్యాద బాగానే ఉండేది.

ఆ రోజు కాయలు ఒలిచే మిషన్ బెల్టు చక్రం మీద నుంచి జారింది. అది రోజుకు నాలుగుసార్లు జారేది. ఇంజన్ ఆపితే మళ్లీ తిప్పి అందుకోవడానికి అరగంట పడుతుంది కాబట్టి ఎవరూ ఆపరు. ఇంజన్ మేస్త్రీ వేగం కొంచెం తగ్గిస్తాడు, ఒకరు పొడుగు కట్టెతో బెల్టును తిరిగే చక్రం మీదికి నెడతారు. దానికని ఒక కట్టె ఉండేది. ముందురోజు ఎవరో దాన్ని పొయ్యిలో పెట్టి టీ కాచుకున్నారు.

"చేత్తో ఎక్కియ్యి, ఏం గాదు" అన్నాడు మేస్త్రీ.

నాకు నిజంగానే ఏం కాలేదు. మూడు వేళ్లకే అయింది.

మేస్త్రీ తన తువ్వాలు చుట్టి, నన్ను జట్కాలో వేసుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ పేరడిగారు. ఆయన ఆలోచించలేదు. రెండేళ్లుగా నన్ను ఏ పేరుతో పిలుస్తున్నాడో ఆ పేరే చెప్పాడు. వయసడిగితే మస్టర్‌లో ఉన్న వయసు చెప్పాడు. అబద్ధం చెబుతున్నానని ఆయనకు తట్టలేదు. నేను అప్పుడు తువ్వాలు వైపు చూస్తున్నాను, ఎవరేం చెబుతున్నారో వినే ఓపిక లేదు. తెలివొచ్చి సరిచేద్దామనుకునే లోపల మిల్లు గుమస్తా నాలుగు బత్తాయిలు పట్టుకొని వచ్చి, చెవి దగ్గర వంగి, "పేరు అట్లే ఉండనీప్పా, మస్టర్లో ఉండేదే ఈడా ఉండాది, మంచిదే" అన్నాడు. బత్తాయిలు బాగున్నాయి. పేరు అట్లే ఉండనిచ్చాను.

మా అమ్మ మాత్రం మంచం పట్టె పట్టుకుని, "వీనికింగ పిల్లనెవురిస్తారు దేవుడా" అని మొదలుపెట్టింది. వార్డంతా ఇటు తిరిగింది.

"ఉంగరం వేలు కూడా పోయిందిలే మా. మామకు ఉంగరం ఖర్చు తప్పింది, ఎగబడి ఇస్తారు" అన్నాను.

ఆమె ఏడుపు మధ్యలో ఆపి నన్ను తిట్టింది. ఏడ్చే మనిషి కంటే తిట్టే మనిషి పక్కన ఉండటం తేలిక.

ఇంటికి వచ్చాక నిలకడ పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎక్కడికైనా పోవాలనిపించేది. లేని వేళ్లు దురద పెట్టేవి. గోక్కోవడానికి పోతే అక్కడ గాలి. రోజుకు రెండుసార్లు స్టేషన్ దాకా నడిచి, ధర్మవరం వైపు పోయే ప్యాసింజర్‌ను చూసి, అది పోయాక మళ్లీ ఇంటికి వచ్చి, గుమ్మంలోనే వెనక్కు తిరిగేవాణ్ణి. "వీడు అన్నం కూడా నడస్తానే తింటాండాడు" అని మా అమ్మ పక్కింట్లో చెప్పింది.

నెల తర్వాత గుమస్తా మా ఇంటికి వచ్చాడు. సన్నగా, ఎప్పుడూ చెవి మీద పెన్సిల్‌తో ఉండే మనిషి. అరుగు మీద కూర్చుని, సావుకారు మంచితనం గురించి కాసేపు చెప్పి, విషయంలోకి వచ్చాడు. పనిలో దెబ్బ తగిలిన కూలికి పరిహారమివ్వాలని చట్టముంది. దానికి ఒక ఆఫీసరున్నాడు, నెలకోసారి పెనుకొండకు క్యాంపు వస్తాడు. రెండు పక్షాలూ రాజీ అయి ఒక ఒప్పందం రాసుకుంటే ఆయన ముందర రిజిస్టర్ చేయించాలి, అంతే. మస్టర్‌లో మా నాయన పేరు, ఆసుపత్రి కాగితంలో మా నాయన పేరు. కాబట్టి దెబ్బ మా నాయనకే తగిలింది.

"మీ నాయన సంతకం పెడితే చాలు. దుడ్లు చేతిలో పెడతాం. బిళ్ల అట్లే ఉంటాది. నీ చెయ్యి బాగయినాక నువ్వే వచ్చి సులువు పని చేసుకోవచ్చు."

"ఆఫీసరు చెయ్యి చూస్తాడు కదప్పా" అన్నాడు నాయన.

గుమస్తా దానికీ దారి తెచ్చుకున్నాడు. "కట్టు కట్టుకోని రా. మూడు వేళ్లు లోపలికి మడుచుకుంటే సరిపాయ."

నేను అడిగాను. "వేళ్లు ఆయనవి, నొప్పి నాది. దుడ్లు ఎవరివప్పా?"

"ఏమబ్బా, అన్నీ ఒకే ఇంటివే కదా!" అన్నాడు గుమస్తా, నిజంగా ఆశ్చర్యపోతూ.

నాయన తలూపాడు. ఆయనకు దుడ్ల కంటే బిళ్ల ముఖ్యం. బిళ్ల పోతే ఇంటికి శనివారం ఉండదు. ఆ రోజు నుంచే ఆయన ప్రాక్టీసు మొదలుపెట్టాడు. పాత పంచె చించి మా అమ్మ కట్టు కట్టేది. ఎడమచేతి మూడు వేళ్లు అరచేతిలోకి మడిచి, బొటనవేలు, చిటికెన వేలు బయట పెట్టి, ఆ చేత్తో చెంబు పట్టుకోవడం, చొక్కా గుండీ పెట్టుకోవడం నేర్చుకున్నాడు. చెంబు జారి కాలి మీద పడితే, దెబ్బ తగిలిన కాలిని వదిలేసి చేతిని పట్టుకుని "అబ్బా" అన్నాడు. అంత బాగా వచ్చింది ఆయనకు. మా అమ్మ నెల తర్వాత మొదటిసారి నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వి, బయటికి పోయి, స్టేషన్ దాకా నడిచి వచ్చాను.

నాకు ఒకటే తొలుస్తుండేది. ఆ వేళ్లు ఎవరివని రాస్తారు? అవమానం లాంటి పెద్ద మాటలేమీ కాదు. రేపు ఎక్కడైనా పనికి పోతే "చేతికేమయింది?" అంటారు. మా నాయనకు దెబ్బ తగిలిందని చెప్పాలా?

ఇంట్లో చెప్పకుండా బస్సెక్కి పెనుకొండ పోయాను. కోర్టు దగ్గర ఒక ప్లీడరు, కూలీల కేసులు చూస్తాడని విన్నాను. ఆయన గదిలో కుర్చీ ఒకటే, అందులో ఆయనే ఉన్నాడు. నేను ఎట్లాగూ కూర్చునే స్థితిలో లేను కాబట్టి ఇద్దరికీ సరిపోయింది.

ఆయన ఒక పుస్తకం తెరిచి చూపించాడు. ఏ వేలు పోతే ఎంత శాతం సంపాదన పోయినట్టో అందులో వరుసగా రాసి ఉంది. బొటనవేలికి గిరాకీ బాగా ఎక్కువ. తర్వాత చూపుడు వేలు, నడిమి వేలు. ఉంగరం వేలూ చిటికెన వేలూ అడుగున. కన్నుకొక రేటు, చెవికొక రేటు. ఎవరో కూర్చుని మనిషిని ఇంత ఓపికగా విడివిడిగా చూశారా అనిపించింది.

"దీనికి వయసుతో హెచ్చవేస్తారు" అన్నాడు ప్లీడరు. "చిన్న వయసుకు పెద్ద అంకె. ఇంగా శానా ఏండ్లు పని చేయాల్సినోడు కదా. అవే వేళ్లు నీవైతే ఒక లెక్క, మీ నాయనవైతే దానికంటే శానా తక్కువ. అదొకటి. ఇంగొకటి ఉండాది. మీ నాయన సంతకం పెట్టినాడనుకో, కాగితంలో ఆయనకు మూడు వేళ్లు లేవు. రేపు సావుకారు 'నీ చెయ్యి పనికిరాదు, పో' అంటే ఏమని అడుగుతాడు? ఉండాయని చూపిస్తాడా?"

ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. బిళ్ల కాపాడుకోవడానికి పెట్టే సంతకమే బిళ్లను ఊడబెరుకుతుంది.

"అట్లయితే నావేనని రాయండి సార్."

"రాస్తా. నువ్వు ఆ మిల్లులో పనిచేసినావని సాక్ష్యమేది? పుస్తకం ప్రకారం నువ్వు ఆ గేటు ఎప్పుడూ దాటలేదు. ఊరికే పోయేటోడు పోయి మిషన్లో చెయ్యి పెట్టినాడంటారు. ఆ పొద్దు ఆడ ఉండినోణ్ణి ఒకణ్ణి పిల్చుకోని రా."

మిల్లులో అడిగితే ఒకరూ రానన్నారు. వాళ్లను తప్పుపట్టలేను, వాళ్లందరి చేతిలోనూ ఇంకొకరి బిళ్ల. మిగిలింది ఇంజన్ మేస్త్రీ. నా వేళ్లు పోయిన వారానికే మిల్లు మానేసి ధర్మవరంలో పట్టుదారం పురి పెట్టే మిషన్ల దగ్గర చేరాడని తెలిసింది. రోజూ చూసి పంపించే ప్యాసింజర్‌ను ఈసారి ఎక్కాను.

వేళ్లు పోగొట్టుకున్నవాడు ధర్మవరం పోకూడదు. ప్రతి ఇంట్లో మగ్గం, ప్రతి కిటికీలో వేళ్లు. తెగిన దారం రెండు కొసలూ పట్టి, చూడకుండానే ముడేసే వేళ్లు. పది సందులు తిరిగి మేస్త్రీని పట్టుకున్నాను. నన్ను చూడగానే ఆయన మా నాయన పేరుతో పిలిచాడు.

"ఏమన్నా, బాగుండావా? యాడికొచ్చినావు?"

"సాక్ష్యం సెప్పాలన్నా. ఆ పొద్దు నన్ను ఆసుపత్రికి ఎత్తుకోని పోయింది నువ్వే కదా."

"ఎత్తుకోని పోయింది నేనే. కానీ ఆ పొద్దు ఆడ ఉండింది మా బావ."

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. మేస్త్రీ పనిచేసింది కూడా ఆయన అక్క మొగుడి బిళ్ల మీద.

"మీ బావనే రమ్మను మరి."

"ఆయప్ప ఆ పొద్దు నల్లమాడలో కాయలు పీకతాండె. ఏం జూసినాడని సెప్తాడు?"

"అంటే ఉండినోడు చూడలేదు, చూసినోడు లేడు."

"అంతేప్పా" అన్నాడు మేస్త్రీ. నవ్వలేదు. "ఇప్పుడు ఆ బిళ్ల మీద బావే పోతాండాడు, నేనొచ్చి సెప్తే అది పోతాది. ఆరు మంది పిల్లోళ్లు. మా అక్క నన్ను గడప తొక్కనీదు. చేత్తో ఎక్కియ్యమని సెప్పింది నేనే. అది మాత్రం నేనే, మా బావ కాదు. రోజూ గుర్తొస్తాది."

ఆయన టీ తాగించి, నేను వద్దంటున్నా వినకుండా తిరుగు టికెట్ కొనిచ్చి, స్టేషన్‌లో బండి కదిలేదాకా నిలబడ్డాడు. సాక్ష్యం ఒక్కటి తప్ప అన్నీ ఇచ్చాడు.

ఇంటికి వచ్చి నాయనకు ప్లీడరు మాట చెప్పాను. ఆయన కట్టు విప్పుకుంటూ విన్నాడు.

"సాక్ష్యం దొరికిందా?"

"లేదు."

"అట్లయితే ఇదే దారి. దుడ్లూ బిళ్లా రెండూ పోగొట్టుకునేదాని కంటే ఇదన్నా దక్కనీ" అన్నాడు.

దానికి నాకు జోకు కూడా రాలేదు. అందుకు నాకు కొంచెం భయం వేసింది.

క్యాంపు రోజు పెనుకొండ సర్కారు బంగళా వరండాలో ఆఫీసరు కూర్చున్నాడు. ముందర బల్ల, దాని మీద ఎగిరిపోకుండా కాగితాల మీద రాళ్లు. మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నం. మిల్లు తరఫున గుమస్తా, మా తరఫున కట్టుతో నాయన, తోడుగా నేను. నా ఎడమచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. అది బయటికి రాకూడదని గుమస్తా బస్సులో మూడుసార్లు చెప్పాడు. ప్లీడరు దూరంగా గేటు దగ్గర ఉన్నాడు. నేను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. నా కాలు ఒకటే ఊగుతోంది, బల్ల కూడా కదిలిందేమో, ఆఫీసరు ఒకసారి నా కాలి వైపు చూశాడు.

ఆయన ఒప్పందం చదివాడు. నాయనను పేరడిగాడు. ఇది తేలికే, నాయనదే. వయసడిగాడు. అదీ నాయనదే. ఎన్నేళ్లుగా పని అంటే ఇరవై రెండు అన్నాడు. ప్రమాదం ఎట్లా జరిగిందంటే బెల్టు, కట్టె, చక్రం, అన్నీ నేను చెప్పినవి చెప్పినట్టు అప్పజెప్పాడు. నేను పదో తరగతిలో అంత బాగా అప్పజెప్పి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. గుమస్తా మొహం విప్పారింది.

ఆఫీసరు కలం తీసుకున్నాడు. సంతకం పెట్టబోతూ, పని కోసం కాదు, ఊరికే మనిషిగా అడిగినట్టు, "ఇప్పుడు ఎట్లుంది పెద్దాయనా? నొప్పి తగ్గిందా?" అన్నాడు.

దీనికి మేం ప్రాక్టీసు చేయలేదు.

నాయన నా వైపు తిరిగాడు. "ఏంరా, నొప్పి తగ్గిందా?" అని అడిగాడు.

నేను, "పగలు ఫరవాలేదు నాయనా" అన్నాను.

ఇద్దరం చాలా మామూలుగా మాట్లాడుకున్నాం. రోజూ పొద్దున లేవగానే ఆయన అడిగే మాట అదే, నేను చెప్పే జవాబూ అదే. గుమస్తా మొహం చూశాకే ఏమనేశామో తెలిసింది.

ఆఫీసరు కలానికి మూత పెట్టాడు. "జేబులో చెయ్యి బయటికి తియ్యి" అన్నాడు నాతో. తీశాను. "నువ్వు కట్టు విప్పు" అన్నాడు నాయనతో. నాయన విప్పాడు. ఐదు వేళ్లూ ఒక్కొక్కటే మెల్లగా బయటికి వచ్చాయి, ఎండకు కళ్లు చిట్లించినట్టు వంకరగా. గుమస్తా బంగళా దూలాలు లెక్కపెట్టుకుంటున్నాడు.

"ఎవరు పనిచేస్తున్నారయ్యా మీ మిల్లులో?" అన్నాడు ఆఫీసరు.

"బిళ్ల ఉండాది సార్" అన్నాడు గుమస్తా.

"బిళ్ల నడిచి వస్తుందా?"

"లే సార్."

"ఈ పిల్లోణ్ణి నువ్వు ఎప్పుడన్నా చూసినావా?"

గుమస్తా నన్ను చూశాడు. బోర్డు వైపు తప్ప చూడని మనిషి, నన్ను అంతసేపు చూడటం అదే మొదలు. నా చేతిని కూడా చూశాడు. "రెండేండ్లుగా వస్తాండాడు సార్" అన్నాడు. ఎందుకన్నాడో ఇప్పటికీ తెలియదు. ఎదురుగా చెయ్యి ఉన్నప్పుడు అబద్ధం చెప్పాలంటే కొంచెం ప్రాక్టీసు కావాలేమో, ఆయనా చేసి రాలేదు.

ఆ మాట ఆఫీసరు రాసుకుని, "కింద సంతకం పెట్టు" అని కాగితం జరిపాడు. గుమస్తా చెవి మీది పెన్సిల్ తీశాడు, మళ్లీ పెట్టుకున్నాడు.

"ఏ పేరు పెట్టమంటారు సార్?" అన్నాడు చివరికి. "ఉద్యోగం మా అన్న పేరు మీదుండాది. ఆయనకు కండ్లు కనబడక నేను వస్తాండా."

ఆ వరండాలో తన పేరుతో తన పనే చేస్తున్నవాడు ఆఫీసరు ఒక్కడే అని అప్పుడు తేలింది. ఆయన కాసేపు మొహం మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాడో, విసుక్కున్నాడో. తర్వాత గేటు దగ్గరున్న ప్లీడరును పిలిచి, కొత్త అర్జీ నా పేరు మీద, నా వయసుతో పెట్టమన్నాడు. గుమస్తా చేత సొంత పేరు రాయించుకున్నాడు. మిల్లుకు నోటీసు, వచ్చే నెలకు వాయిదా.

బస్టాండులో నాయన వేళ్లు సాపు కాలేదు. కట్టులో అంతసేపు మడిచి ఉంచి పట్టేసుకున్నాయి. నేను కుడిచేత్తో ఒక్కొక్కటీ లాగి రుద్దుతున్నాను.

"నోరు జారిందిరా" అన్నాడు.

"మంచి చోటే జారింది."

"మంచి చోటో, ఏమో. రేపట్నుంచి బిళ్ల ఉండదు."

"ప్లీడరు చెప్పినాడు కదా, సంతకం పెట్టినా ఉండేది కాదు."

"ఏమో. ఉండేదేమో." ఆయన అంతే అన్నాడు. హిందూపురం బస్సు వస్తే ముందు నేనే పరిగెత్తి ఎక్కాను. కూర్చోలేదు, ఊరొచ్చేదాకా మెట్ల దగ్గర నిలబడ్డాను.

బిళ్ల మరుసటి రోజే పోయింది. అక్కడితో ఆగలేదు. సావుకారు మస్టర్ మొత్తం తిరగరాయించాడు, ఎవరి పేరుతో వాళ్లు రావాలన్నాడు. కొందరికి సొంత పేర్లొచ్చాయి, కొందరికి పని పోయింది. చనిపోయినాయనకు కూడా ఎట్టకేలకు విశ్రాంతి దొరికింది, కానీ ఆయన కొడుకు ఇంట్లో కూర్చున్నాడు. గుమస్తాను తీసేశారు. మా వీధిలో కొన్ని ఇళ్ల వాళ్లు నేను పోతుంటే లోపలికి పోయేవాళ్లు. ఎదురొచ్చి తిట్టి ఉంటే ఏదో ఒకటి అనేవాణ్ణి. మూసిన తలుపుతో ఏమంటాం? నడక దారి మార్చుకున్నాను, స్టేషన్‌కు వెనక వీధి నుంచి.

తర్వాత అన్నీ వాయిదాలు. మిల్లు తరఫు ప్లీడరుకు ఒక నెల జలుబు, ఒక నెల పెళ్లి. నేను పెనుకొండ కొండను అన్ని నెలల్లోనూ చూశాను, ఎండలో, మబ్బులో, ఒకసారి వానలో. దాని మీద కోట చూడ్డానికి జనం టికెట్ పెట్టుకుని వస్తారట. నేను ఒక్కసారీ పైకి పోలేదు, నా వంతు వస్తుందేమోనని. నాయన సంతలో గోనెసంచులు కుట్టే పని పట్టుకున్నాడు. దుమ్ము తగ్గింది, కూలీ తగ్గింది.

ఎనిమిదో వాయిదాకు మిల్లువాళ్లు రాజీకి వచ్చారు. పుస్తకం లెక్క కంటే తక్కువ. నాయన పేరు మీద ఇస్తామన్నదానికి రెండింతలకు పైనే. నా ప్లీడరు నన్ను పక్కకు పిలిచి, "ఆగితే పూర్తిగా వస్తాది. ఇంగొక ఆరేడు నెలలు" అన్నాడు.

"ఆగినందుకు కూడా రేటేమైనా ఉందా సార్, పుస్తకంలో?"

"లేదు."

నేను నాయన వైపు చూశాను. ఆయన చెప్పులు వేసుకునే ఉన్నాడు, వరండా మెట్ల మీద. ఇంట్లో బియ్యం ఎన్నాళ్లకు ఉన్నాయో నాకూ తెలుసు. "రాయమనండి" అన్నాను.

కాగితం తయారైంది. ఈసారి పేరు నాది, తండ్రి పేరు ఆయనది, ఎవరి చోట వాళ్లున్నాం. ప్రమాదం జరిగిన నాటికి వయసు పందొమ్మిది. కింద అచ్చు వేసిన ఒక వాక్యం ఉంది, పై మొత్తాన్ని పూర్తి తృప్తితో స్వీకరించడమైనదని.

"సార్, ఈ తృప్తి అన్న మాట కొట్టేయొచ్చా?" అని అడిగాను.

ఆఫీసరు అద్దాల పైనుంచి చూశాడు. "అది ఫారంలోనే ఉందబ్బా. అందరికీ అదే."

"కనీసం 'పూర్తి' అన్నా..."

"సంతకం పెట్టురా, బస్సు పోతాది" అన్నాడు నాయన వెనక నుంచి.

వరండాలో గాలికి కాగితం ఒకవైపు లేస్తోంది. నేను ఎడమచెయ్యి ఆనించాను, ఉన్న రెండు వేళ్లకూ ఆగలేదు. నాయన మెట్లెక్కి వచ్చి, కాగితం అంచు మీద తన అరచెయ్యి పరిచి నొక్కి పట్టుకున్నాడు. నేను నా పేరు రాశాను. కొంచెం వంకర వచ్చింది, కాలు ఇంకా ఊగుతూనే ఉంది.